జోస్యమా? ముహూర్తమా?

వారపత్రిక చేతికి రాగానే ముందు ఏ పేజీ తిప్పుతారో నిజం చెప్పండి. సీరియల్ కావచ్చు, కార్టూన్లు కావచ్చు. కాని చాలా ఇళ్లల్లో, పైకి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, ముందు తిరిగే పేజీ వారఫలాలది. మిత్రుల సహకారం లభిస్తుందట. ఖర్చుల విషయంలో జాగ్రత్త అవసరమట. వారాంతంలో శుభవార్త వినే అవకాశం వుందట. ఇందులో తప్పయ్యేది ఏముంది చెప్పండి? ఏ మిత్రుడో, ఎంత ఖర్చో, ఏ రోజు వార్తో చెప్పని జోస్యానికి ఓటమి ఎక్కడిది? అంకె వెయ్యని జోస్యుడు ఎప్పుడూ క్షేమంగానే వుంటాడు.

అంకె వేసి, సంవత్సరం వేసి, తన పేరు కూడా పెట్టుకుని జోస్యం చెప్పినవాళ్లు బహు తక్కువ. అలా చెప్పి, నెగ్గి, నెగ్గినందుకు తనే మొహమాటపడిపోయిన ఒక పెద్దమనిషి రాసిన వ్యాసం ఈ వారం మన ముందుకొస్తోంది. ఆయన పేరు గోర్డన్ మూర్. వ్యాసం అచ్చయింది అమెరికాలో "ఎలక్ట్రానిక్స్" అనే వృత్తి పత్రికలో, 1965 ఏప్రిల్ 19 సంచికలో. మొత్తం కలిపి నాలుగు పేజీలు.

"సాహిత్యానుబంధంలో ఇంజనీర్ల వ్యాసానికి విమర్శ ఏమిటండీ, చోద్యం కాకపోతే!" అంటారేమో. ఒక రచన ఎందరిని కదిలించింది, ఎంతకాలం నిలిచింది అనే కదా మనం చూసేది. ఆ లెక్కన, గత అరవయ్యేళ్లలో అచ్చయిన నవలల్లో ఎన్నింటికి ఈ నాలుగు పేజీలకున్నంత బలం వుందో నాకు సందేహమే. డాలస్‌లో వున్న మనవడి బోసినవ్వు రాజమండ్రిలో అమ్మమ్మ అరచేతిలో కనిపిస్తోందంటే, ఆ దారిలో ఎక్కడో ఈ వ్యాసం వుంది. అదీగాక, దీన్ని చదవడానికి ఇంజనీరింగ్ అక్కర్లేదు. ఇంటి జమాఖర్చులు రాసే అలవాటుంటే చాలు. ఆ మాట ఎందుకన్నానో ముందు ముందు మీకే తెలుస్తుంది.

రచయిత సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. మూర్ 1929 జనవరి 3న పుట్టాడు. పెరిగింది కాలిఫోర్నియా సముద్రతీరాన పెస్కడెరో అనే చిన్న ఊళ్లో. తండ్రి ఆ జిల్లా పోలీసు శాఖలో ఉద్యోగి. కొడుకు చదివింది, ఆశ్చర్యంగా, ఎలక్ట్రానిక్స్ కాదు. రసాయనశాస్త్రం. అందులోనే డాక్టరేటు పుచ్చుకున్నాడు. ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకడైన షాక్లీ దగ్గర 1956లో చేరాడు. షాక్లీ మహా మేధావే, నోబెల్ బహుమతి వచ్చినవాడే గాని, ఆయన కింద పని చెయ్యడం కత్తి మీద సాము. ఏడాది తిరిగేసరికి ఎనిమిదిమంది కుర్రాళ్లు ఒక్కసారే రాజీనామా ఇచ్చి బయటికొచ్చి, 1957లో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ అనే కంపెనీ పెట్టించుకున్నారు. ఆ ఎనిమిదిమందిలో మూర్ ఒకడు. 1965 నాటికి అక్కడి పరిశోధన విభాగానికి అధిపతి. వయసు ముప్ఫయ్యారు. "ఎలక్ట్రానిక్స్" పత్రికకు ముప్ఫయ్యయిదేళ్లు నిండిన సందర్భంగా, రాబోయే పదేళ్లలో ఏం జరుగుతుందో రాసిపెట్టమని సంపాదకులు అడిగారు. అదీ ఈ వ్యాసం పుట్టుక.

ముందు శీర్షిక చూడండి. "భవిష్యత్తులో ఎలక్ట్రానిక్స్" వంటి గంభీరమైన పేరేదో పెట్టొచ్చు. ఆయన పెట్టిన పేరుకి మన భాషలో సరిపోయే మాట కుక్కడం, కూరడం. ఒకే సిలికాన్ పలుకు మీద మరిన్ని భాగాలు కూరడం ఎలాగ అన్నదే విషయం. అమెరికా వెళ్లే పిల్లకి తల్లి సూట్‌కేసులో ఆవకాయ, గోంగూర, కారప్పొడి, నాలుగు చీరలు, మందులూ కూరి, పైన కూర్చుని జిప్పు వేయించే దృశ్యం లేదూ, అచ్చం ఆ మాటే. శాస్త్రవేత్త నోట వచ్చే మాట కాదది, ఇల్లు సర్దుకునేవాళ్ల మాట. వ్యాసం స్వభావమంతా ఆ ఒక్క మాటలో వుంది.

ఆరంభంలోనే ఒక చిన్న పేరా వుంది. ఈ సర్క్యూట్ల పుణ్యమా అని ఇంటింటా వాడుకునే కంప్యూటర్లు వస్తాయంటాడు. కనీసం ఎక్కడో వున్న పెద్ద కంప్యూటర్‌కి తగిలించిన పరికరాలైనా ఇంట్లోకి వస్తాయంటాడు. మోటారు కార్లని వాటంతటవే అదుపు చేసే యంత్రాలు వస్తాయంటాడు. మనిషి వెంట తీసుకెళ్లే సంభాషణ సాధనాలు వస్తాయంటాడు. చేతి గడియారం ఎలక్ట్రానిక్ కావడానికి అంకెలు చూపించే తెర ఒక్కటే తక్కువంటాడు. గుర్తుంచుకోండి, ఇది 1965. కంప్యూటరంటే గది నిండా బీరువాలు వున్న రోజులు. అప్పుడు సెల్‌ఫోన్ పేరు చెప్పకుండానే దాని జాతకం రాసేశాడన్నమాట.

మరొకరైతే ఇక్కడే ఆగి మిగిలిన పేజీలన్నీ వింతలతో నింపేసేవారు. ఎగిరే కార్లు, వంట చేసే మరబొమ్మలు, మాత్ర వేసుకుంటే కడుపు నిండే భోజనం లాంటివి. మూర్ మాత్రం నాలుగు వాక్యాల్లో వింతలన్నీ దులిపేసుకుని, ఖరీదు సంగతికి వచ్చేశాడు. ఈ వ్యాసంలో నాకు అన్నిటికన్నా నచ్చిన గుణం ఇదే. వింత వస్తువు తయారవడం ఒక ఎత్తు, అది మన కొనుగోలు శక్తికి అందడం మరో ఎత్తు. మధ్యతరగతి ఇంట్లో పుట్టిన ఎవరికైనా రెండోదే అసలు ప్రశ్న అని తెలుసు.

ఆ ఖరీదు లెక్క చిన్న ఉదాహరణతో చెప్తాను. బూరెలు వండుతున్నారనుకోండి. మూకుడు పెట్టి, నూనె పోసి, కాగనిచ్చి రెండే రెండు బూరెలు వేసి తీస్తే, ఆ నూనె, ఆ గ్యాసు, మీ శ్రమ, మొత్తం ఖర్చు ఆ రెండింటి మీదే పడుతుంది. సరే కదా అని ఒకేసారి పాతిక వేశారనుకోండి. ఒకదానికొకటి అంటుకుంటాయి. ఒక్కటి చిట్లిందా, పూర్ణం నూనెలో కలిసి వాయి వాయంతా పాడవుతుంది. ఈ రెండింటికీ మధ్య, మీ చేతికి, మీ మూకుడికి సరిపడే లెక్క ఒకటుంటుంది. అన్ని వేస్తే బూరె గిట్టుబాటవుతుంది. చెయ్యి తిరిగినకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది. కొత్త కోడలు వాయికి అయిదు వేస్తే, పెళ్లిళ్లకి వండే పెద్దావిడ పదిహేను వేస్తుంది.

చిప్పు సంగతీ అంతే. మరీ కొద్ది భాగాలు పెడితే, దాన్ని పెట్టెలో బిగించి, పరీక్షించి అమ్మే ఖర్చు ఆ కొద్ది భాగాల మీదే పడుతుంది. మరీ ఎక్కువ కూరితే, ఏ ఒక్కటి చెడినా చిప్పు మొత్తం పారెయ్యాలి. నడిమి లెక్క 1965లో సుమారు యాభై అన్నాడు మూర్. 1970 నాటికి అది వెయ్యి అవుతుందనీ, ఒక్కో భాగం తయారీ ఖర్చు అప్పటిదానిలో పదో వంతుకి దిగుతుందనీ అన్నాడు. 1975 నాటికి? అరవయ్యయిదు వేలు!

ఆ అంకె గాల్లోంచి పుట్టలేదు. 1959లో ఒకటి అనుకోండి. ఏటా రెట్టింపు చేసుకుంటూ రండి. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ముప్ఫయ్యిరెండు, 1965కి అరవై నాలుగు. అప్పటిదాకా జరిగింది ఇంచుమించు ఇదే. ఇంకో పదేళ్లు అలాగే రెట్టిస్తూ పోతే 65,536. చదరంగం గళ్లలో గింజలు పోయించుకుని రాజుగారి గాదెలు ఖాళీ చేయించిన కథ మనందరికీ తెలుసు. ఆ కథలో రాజు మోసపోయింది రెట్టింపు సంగతి తెలీక. మూర్ అదే కథని గింజలు పోసే వైపు నుంచి చెప్పాడు. వ్యాసంలో గ్రాఫు చూస్తే మీకు నవ్వొస్తుంది. నాలుగైదు చుక్కలు, వాటిని కలుపుతూ ఒక గీత, అక్కణ్ణించి 1975 దాకా చుక్కల గీత. మన ముగ్గులో ఇంతకన్నా ఎక్కువ చుక్కలుంటాయి!

నాలుగు చుక్కల్ని నమ్మి పదేళ్ల భవిష్యత్తు గియ్యడం సాహసమా, తెలివితక్కువా? విమర్శకురాలిగా నేను ఆయన్ని పట్టుకోవలసిన చోటు ఇదే. అయితే ఆయనే జాగ్రత్త పడ్డాడు. దీర్ఘకాలం మాట చెప్పలేనుగాని, పదేళ్లపాటు ఈ వేగం తగ్గడానికి కారణం కనపడలేదన్నాడు. పదేళ్లు అనే హద్దు తనే గీసుకున్నాడు. 1975 వచ్చేసరికి ఇంచుమించు ఆ గీత దగ్గరికే పరిశ్రమ చేరుకుంది. అప్పుడు ఆయన చేసిన పని మరీ ముచ్చటైనది. "చూశారా, నా మాట నిజమైంది" అని కూర్చోకుండా, అదే ఏడు ఒక ఇంజనీర్ల మహాసభలో లెక్క మళ్లీ విప్పాడు. చిప్పు పెద్దదవడం వల్ల ఎంత పెరిగింది, గీతలు సన్నబడడం వల్ల ఎంత, అమరికలో తెలివి వల్ల ఎంత అని మూడు వాటాలు వేశాడు. అమరికలో ఇక ఖాళీ జాగా మిగల్లేదు గనక, మున్ముందు ఏటా కాదు, రెండేళ్లకోసారి రెట్టింపవుతుందని దిద్దుకున్నాడు. పద్దెనిమిది నెలలని జనం చెప్పుకునే మాట ఆయనది కానే కాదు. ఆయన కంపెనీలోనే డేవిడ్ హౌస్ అనే సహోద్యోగి అన్నది. "మూర్ సూత్రం" అని పేరు తగిలించి ప్రచారంలో పెట్టింది కార్వర్ మీడ్ అనే ప్రొఫెసర్. ఆ పేరు తన నోటితో పలకడానికి మూర్‌కి ఇరవయ్యేళ్లు సిగ్గేసిందట. ఒక అంచనాకి సూత్రమని పేరు పెట్టడం ఆయనకి ఎబ్బెట్టుగా వుండేదన్నమాట.

ఎబ్బెట్టుగా వుండడం సబబే. జోస్యాలు మూడు రకాలు. మొదటిది పంచాంగంలో గ్రహణం. మనం నమ్మినా నమ్మకపోయినా, పట్టువిడుపుల స్నానాలు చేసినా మానినా, చెప్పిన ఘడియకి పట్టి తీరుతుంది. రెండోది వారఫలం. అది జరిగినా జరిగినట్టే, జరక్కపోయినా జరిగినట్టే. మూడోదాన్ని మనం జోస్యంగా లెక్కపెట్టంగాని, పరమ బలమైన జోస్యం అదే. పెళ్లి ముహూర్తం! ఫలానా నెల, ఫలానా తేదీ, రాత్రి పది గంటల పన్నెండు నిమిషాలకి జీలకర్ర బెల్లం పెడతారని లగ్నపత్రిక రాశారనుకోండి. ఆ నిమిషానికి అది జరుగుతుందా లేదా? జరుగుతుంది. నక్షత్రాలు జరిపిస్తాయని కాదు. పత్రిక రాసిన క్షణం నుంచి పెళ్లివారూ, వంటవాళ్లూ, షామియానా వాడూ, మేళం వాళ్లూ, అప్పిచ్చే బంధువూ, బ్లౌజులు కుట్టే దర్జీ దాకా అందరూ ఆ నిమిషం కోసమే పరిగెడతారు గనక.

మూర్ సూత్రం గ్రహణం కాదు, వారఫలం అంతకన్నా కాదు. అది ముహూర్తం. ప్రకృతిలో అలాంటి నియమమేదీ లేదు. రెండేళ్లకి రెట్టింపు అని ఒకసారి అనుకున్నాక, పోటీ కంపెనీ ఆ వేళకి సిద్ధంగా వుంటుందేమో, మనం వెనకబడతామేమో అన్న బెంగతో ప్రతివాడూ పరిగెత్తాడు. 1990లలో అమెరికా చిప్పుల పరిశ్రమ అంతా కలిసి కూర్చుని, ఏ ఏడుకి గీత ఎంత సన్నబడాలి, దానికి ఏ యంత్రం కావాలి, ఏ రసాయనం కావాలి అని ఉమ్మడి ప్రణాళికలు అచ్చేసుకున్నారు. తర్వాత అది అంతర్జాతీయ ప్రణాళిక అయింది. 2016 దాకా నడిచింది. లగ్నపత్రిక కాక మరేమిటి? అతి సన్నని గీతలు గియ్యడానికి కొత్తరకం కాంతి కావాలని 1997లో కంపెనీలు కూడబలుక్కుని మొదలెట్టిన పని, 2019 ప్రాంతానికి గాని ఫ్యాక్టరీల్లో కుదురుకోలేదు. ఆ యంత్రాన్ని తయారుచేసేది లోకం మొత్తానికి నెదర్లాండ్స్‌లో ఒక్క కంపెనీయే. ఒక్కో యంత్రం పది కోట్ల డాలర్ల పైమాటే. పిల్ల చిన్నదే, పెళ్లి ఖర్చు మాత్రం ఏటేటా పెరిగింది సుమా! చిప్పు మీద ఒక్కో భాగం చవకవుతూ వుంటే, చిప్పులు చేసే ఫ్యాక్టరీ ఖర్చు నాలుగేళ్లకోసారి రెట్టింపవుతోందని ఇంకో నానుడి కూడా పుట్టింది.

ఇంతవరకూ మెచ్చుకున్నాను. ఇక లోపాల సంగతి.

వ్యాసంతో పాటు పత్రిక చిత్రకారుడు వేసిన కార్టూన్ ఒకటి వుంది. డిపార్ట్‌మెంట్ స్టోరులో ఒక పక్క సూదీ దారం, బొత్తాలు వగైరా అమ్మే బల్ల, మరో పక్క పౌడర్లూ స్నోలూ అమ్మే బల్ల. నడిమి బల్ల మీద చేతికందే ఇంటి కంప్యూటర్లు! చుట్టూ జనం. 1965లో ఇది చూసి నవ్వుకుని వుంటారు. ఇవాళ ఏ బజారుకి వెళ్లినా అది కార్టూన్ కాదు, ఫోటో. అయితే అసలు వింత ఇది కాదు. ఇంటి కంప్యూటర్లు వస్తాయని రాసిన ఆ మూర్, 1968లో మిత్రుడు రాబర్ట్ నోయిస్‌తో కలిసి ఇంటెల్ కంపెనీ పెట్టాడు. 1971లో ఆ కంపెనీ, 2,300 ట్రాన్సిస్టర్లతో ఒక కంప్యూటర్ మెదడు మొత్తాన్ని ఒకే చిప్పు మీద పెట్టింది. తర్వాత కొన్నేళ్లకి కంపెనీలోని ఇంజనీరు ఒకాయన ఒక ఆలోచన పట్టుకొచ్చాడు. ఈ చిప్పుకి మీటలూ, తెరా తగిలించి ఇళ్లకి అమ్ముదాం అని. మూర్ అడిగాడట, ఇంట్లో దాంతో ఏం చేస్తారని. ఆ ఇంజనీరుకి తోచిన జవాబు ఒక్కటే. గృహిణి తన వంటల వివరాలు అందులో రాసిపెట్టుకోవచ్చు! అందులో ప్రయోజనమేమీ మూర్‌కి కనపడలేదు. ఆ ఆలోచన అక్కడితో సరి. ఈ సంగతి ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

చూశారా! పప్పులో పోపు ఎప్పుడు వెయ్యాలో రాసుకోవడానికి మనకి కంప్యూటర్ కావాలా? ఈ భ్రమ ఆ ఇంజనీరు ఒక్కడిదే కాదు. 1969లో నీమన్ మార్కస్ అనే అమెరికన్ షోకు దుకాణం తన క్రిస్మస్ పుస్తకంలో హనీవెల్ కంపెనీ వారి వంటింటి కంప్యూటర్‌ని ప్రకటించింది. ఖరీదు 10,600 డాలర్లు. దాన్ని వాడాలంటే ఇల్లాలు రెండు వారాలు తరగతికి వెళ్లి, స్విచ్చులు పైకీ కిందకీ వేసే భాష నేర్చుకోవాలి. ఒక్కటైనా అమ్ముడుపోయిన దాఖలా లేదు. అందులో ఆశ్చర్యమేముంది? కూర మాడేలోపు ఏ స్విచ్చు వెయ్యాలో తేలొద్దూ!

నేను నవ్వించడానికి చెప్పడం లేదు. ఈ వ్యాసంలో పెద్ద లోపం ఇక్కడే వుందంటున్నాను. ఎన్ని భాగాలో తెలుసు, ఎంత ఖరీదో తెలుసు, ఎన్నాళ్లకో తెలుసు. ఎవరికి, ఎందుకు అన్న ప్రశ్న వచ్చేసరికి ఆ సూటి చూపు మసకబారింది. వస్తువుని చూడగలిగిన కళ్లు, దాన్ని వాడే మనిషిని చూడలేకపోయాయి. ఆడదంటే వంటిల్లు, వంటిల్లంటే ఆడది అనే పాత చుక్కల మీదే గీత గీశారు.

అసలు జరిగిందేమిటో తెలుసా? చిప్పు మీద వేలకి వేలు భాగాలు పట్టే రోజు వచ్చేసరికి, అన్నిటికీ అమరిక గియ్యడం ఎవరి తరమూ కాకుండా పోయింది. కొద్దిమంది ఉద్దండులకే చేతనయిన ఆ విద్యని కాలేజీ పిల్లలు సైతం నేర్చుకునేలా సూత్రాలుగా విడగొట్టింది ఒక స్త్రీ. ఆవిడ పేరు లిన్ కాన్వే. 1978లో ఎం.ఐ.టి.లో ఆవిడ పాఠం చెప్తే, విద్యార్థులు తమ చిప్పులు తామే గీసుకున్నారు. కార్వర్ మీడ్‌తో కలిసి ఆవిడ రాసిన పాఠ్యపుస్తకం 1980లో వచ్చాక, ప్రపంచంలో ఎన్నో విశ్వవిద్యాలయాల్లో అదే బాట అయింది. ముహూర్తం మూర్ పెట్టాడు సరే. అరవయ్యయిదు వేల అక్షింతలూ ఎవరెవరి చేతుల్లోంచి పడాలో పద్ధతి చెప్పినవాళ్లలో ఆవిడ ముఖ్యురాలు.

చేతులంటే గుర్తొచ్చింది. ఖర్చుల మీద ఇంత చక్కటి లెక్క వేసిన వ్యాసంలో ఆ చిప్పుల్ని బిగించే చేతుల ఊసు లేదు. ఫెయిర్‌చైల్డ్ కంపెనీ 1963 నుంచే హాంకాంగ్‌లో ఆడపిల్లల చేత ఆ పని చేయిస్తోంది. ఈ వ్యాసం అచ్చయిన 1965లోనే, అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రంలోని షిప్‌రాక్ అనే చోట, నవాహో అనే ఆదివాసుల నేల మీద మరో ఫ్యాక్టరీ తెరిచింది. అక్కడ పనిచేసేవాళ్లలో అత్యధికులు నవాహో స్త్రీలు. ఒక దశలో ఆ ఫ్యాక్టరీలో వెయ్యిమంది దాకా వున్నారు. భూతద్దాలలోంచి చూస్తూ, వెంట్రుక కన్నా సన్నని తీగలు అతికే పని. నవాహో స్త్రీలు తివాచీలు నెయ్యడంలో ప్రసిద్ధులు. కంపెనీ 1969లో వేసిన చిన్న పుస్తకంలో ఆ నేతని, చిప్పు మీది అల్లికని పక్కపక్కన పెట్టి పొగిడింది కూడా. పొగడ్తకేం, ఖర్చు లేనిది. తీరా కొన్నేళ్లకి ఉద్యోగాలు తీసెయ్యడం మొదలైంది. 1975లో ఆదివాసుల హక్కుల కోసం పోరాడేవాళ్లు ఫ్యాక్టరీని ఆక్రమించారు. కంపెనీ తలుపులు మూసేసి వెళ్లిపోయింది. 1975 అంటే ఏమిటి? మూర్ గీత అరవయ్యయిదు వేలకి చేరవలసిన ఏడాది. గీత చేరింది. గీతని మోసిన ఆ చేతులు ఖాళీ అయ్యాయి. మూర్‌ని నిందించడానికి ఈ మాట అనడం లేదు. నాలుగు పేజీల్లో అన్నీ పట్టవు. కాని ఒక్కో భాగం ఖరీదు పదో వంతుకి దిగిందని చదివినప్పుడు, తగ్గిన ఆ తొమ్మిది వంతుల్లో ఎవరి కూలి ఎంత వుందో అడిగే హక్కు పాఠకురాలికి వుంటుంది.

శాస్త్రం వైపు నుంచి చూస్తే, వ్యాసంలో ఒక బలహీనమైన పేరా, ఒక అద్భుతమైన పేరా వున్నాయి. వేలకొద్దీ భాగాలు ఒకే పలుకు మీద పనిచేస్తే పుట్టే వేడి సంగతేమిటని తనే ప్రశ్న వేసి, అదేం పెద్ద ఇబ్బంది కాదని తేల్చేశాడు. చాలా ఏళ్లు ఆయన మాటే నెగ్గింది. చివరికి 2004లో ఆయన స్థాపించిన ఇంటెల్ కంపెనీయే, నాలుగు గిగాహెర్ట్జ్ పెంటియం తెస్తామన్న మాటని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. వేగం పెంచిన కొద్దీ వేడి ఆగడం లేదు. మీ ఒళ్లోని ల్యాప్‌టాప్ ఇస్త్రీపెట్టెలా కాలుతుంటే, ఆ పేరాని తల్చుకోండి. ఇక అద్భుతమైన పేరా ఏమిటంటే, అంతా ఒకే ముక్కలో కూరడం కన్నా, చిన్న చిన్న ముక్కలుగా చేసి జత కలపడమే గిట్టుబాటు కావచ్చునని అప్పుడే అన్నాడు. 2024లో ఎన్విడియా కంపెనీ ప్రకటించిన చిప్పులో 20,800 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. అది ఒక్క ముక్క కాదు. రెండు ముక్కలు జతచేసినదే! మూర్ సూత్రం చచ్చిపోయిందని ఆ ఎన్విడియా అధిపతి 2022లో అంటే, బతికే వుందని అప్పటి ఇంటెల్ అధిపతి అదే నెలలో అన్నాడు. పెళ్లివారిలో ఒకరు ముహూర్తం దాటిపోయిందంటే, ఇంకొకరు గడియారం ముందుకి నడుస్తోందన్నట్టు వుంది వ్యవహారం. మూర్ ఆ తగవు తీరకముందే, 2023 మార్చి 24న, హవాయిలో, తొంభై నాలుగో ఏట కన్నుమూశాడు.

ఒక కొసరు ముచ్చట. ఇంత చరిత్ర గల ఆ సంచిక కాపీ రచయిత దగ్గరే లేకుండా పోయింది. ఎవరికో ఎరువిస్తే తిరిగి రాలేదు. 2005లో వ్యాసానికి నలభయ్యేళ్లు నిండినప్పుడు, మంచి కాపీ తెచ్చిచ్చినవారికి పదివేల డాలర్లిస్తామని ఇంటెల్ ప్రకటించింది. గ్రంథాలయాల వాళ్లు తమ సంచికలు ఎవరెత్తుకుపోతారోనని హడలిపోయారు. చివరికి అది దొరికింది ఇంగ్లండులో. ఒక ఇంజనీరు తన ఇంట్లో చెక్కనేల కింద పాత సంచికలు దాచిపెట్టుకున్నాడు. సీరియళ్లు చింపి, కుట్టించి, అట్టలు వేయించి అటక మీద పెట్టుకునే మనవాళ్లని "ఆ చెత్తంతా ఎందుకే?" అని విసుక్కునే మగవారికి ఈ కథ ఒకసారి చదివి వినిపించండి.

మరి ఇప్పుడీ వ్యాసం మనకెందుకు? ఎందుకంటే, ఇవాళ మన ఇళ్లల్లో జోస్యుల మాట మీదే పెద్ద పెద్ద నిర్ణయాలు జరుగుతున్నాయి. అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి, అబ్బాయి చదివే బ్రాంచికి ఇంకో అయిదేళ్లకి ఉద్యోగాలుంటాయా, కృత్రిమ మేధ వచ్చి అందరి పనులూ లాగేసుకుంటుందా అని. టీవీలోనూ, ఫోనులోనూ రోజుకో పెద్దమనిషి భవిష్యత్తు చెప్తున్నాడు. వాళ్ల మాట మీద నగలు తాకట్టు పెట్టి లక్షలు ఫీజు కడుతున్నాం. అలాంటివాళ్లు చెప్పేది వింటున్నప్పుడు ఈ నాలుగు పేజీలు పక్కన పెట్టుకుంటే చాలా మేలు. అంకె వేశాడా? ఏడు చెప్పాడా? ఎంతకాలం దాకా తన మాట చెల్లుతుందో హద్దు గీశాడా? తప్పితే దిద్దుకునే మనిషేనా? అది గ్రహణంలాంటిదా, లేక ఎవరో తమ లాభానికి పెట్టుకున్న ముహూర్తమా? ముహూర్తమే అయితే పెళ్లి ఎవరిది, ఖర్చు ఎవరిది, పందిట్లో చాకిరీ ఎవరిది?

మొదటి నాలుగు ప్రశ్నలకీ మూర్ నిక్కచ్చిగా జవాబు చెప్పాడు. అందుకే ఆ వ్యాసం నిలిచింది. చివరి ప్రశ్న ఆయనకి తట్టలేదు. అది మనమే అడగాలి. పిల్లల్ని కాలేజీలో చేర్చే రోజులు దగ్గర పడుతున్నాయి గనక, కాస్త ముందుగా అడిగితే మరీ మంచిది.